టెన్షన్ పోదు, టెన్షన్‌తోనే ఆడాలి

(విజయవాడలో పిల్లల బ్యాడ్మింటన్ వేసవి శిబిరం చివరి రోజున ఒక కోచ్ మాట్లాడిన మాటలు. ఆ రోజు రాలేకపోయిన తల్లిదండ్రుల కోసం రికార్డింగు విని రాసినవి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు కింద కూర్చోండి నాన్నా, రాకెట్లు పక్కన పెట్టేయండి. ఫ్యాన్ల చప్పుడులో నా మాట వినపడకపోతే చెయ్యెత్తండి, మళ్లీ చెప్తాను.

పోటీలకి మనసుని ఎలా సిద్ధం చేసుకోవాలో చెప్పమన్నారు నన్ను. ఈ విషయం మీద నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులు ఎక్కువమంది ఒకటే అడుగుతారు. "సార్, మావాడు ప్రాక్టీసులో బాగా ఆడతాడు, మ్యాచ్‌లోకి వెళ్తే టెన్షన్ పడిపోతాడు. రేపు సెలెక్షన్స్. కాస్త ధైర్యం చెప్పండి సార్." రేపు సెలెక్షన్స్ పెట్టుకుని ఇవాళ సాయంత్రం నేను చెప్పే ధైర్యం ఎందుకు పనికొస్తుంది? రేపు మ్యాచ్ ఉందనగా ఇవాళ వచ్చి "మావాడికి బ్యాక్‌హ్యాండ్ నేర్పండి" అని ఎవరైనా అడుగుతారా? అడగరు. దానికి నెలలు పడుతుందని మీకు తెలుసు. మరి మనసు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్క మాటతో అయిపోవాలి. అలా కాదండీ. ఇదీ ప్రాక్టీసే. ఫుట్‌వర్క్ లాగా రోజూ చేయాల్సిన ప్రాక్టీసే.

సరే, పిల్లల్ని అడుగుతాను. మ్యాచ్ ముందు కడుపులో తిప్పినట్టు ఉండేది ఎవరికి? చేతులెత్తండి. పదే పదే బాత్రూమ్‌కి వెళ్లాలనిపించేది? అదిగో, నవ్వుతున్నారు. చేతులు చల్లబడేది? చూశారా, దాదాపు అందరూ ఎత్తారు. ఎత్తనివాళ్లు సిగ్గుపడుతున్నారంతే.

ఇది జబ్బు కాదు, పిరికితనం కాదు. ముఖ్యమైన పని ముందుందని ఒంటికి తెలిసింది. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తం పెద్ద కండరాల వైపు ఎక్కువగా వెళ్తుంది, అందుకే వేళ్లు చల్లబడతాయి. ఒళ్లు పరిగెత్తడానికి రెడీ అవుతోందన్నమాట. ఇందులో మన ఆటకి ఇబ్బంది ఎక్కడొస్తుంది? పట్టు దగ్గర. టెన్షన్‌లో మనకి తెలియకుండానే రాకెట్ గట్టిగా బిగించి పట్టుకుంటాం. పట్టు బిగిస్తే మణికట్టు తిరగదు. మణికట్టు తిరగకపోతే క్లియర్, అంటే కోర్టు చివరిదాకా పోవాల్సిన షాట్, కొడితే సగం కోర్టులో పడుతుంది, డ్రాప్, అంటే నెట్ దాటగానే పడాల్సిన షాట్, కొడితే నెట్‌లో పడుతుంది. అప్పుడు పిల్లవాడేమనుకుంటాడు? "నాకు ఇవాళ ఆట రావట్లేదు" అనుకుంటాడు. ఆట ఎక్కడికీ పోలేదు నాన్నా, పట్టు బిగిసింది.

"టెన్షన్ పడకు, ప్రశాంతంగా ఉండు" అంటాం కదా మనం. గుండె దడదడ కొట్టుకుంటున్నవాడిని ప్రశాంతంగా ఉండమంటే ఎలా ఉంటాడు? ఉండలేకపోతున్నానే అని ఇంకో టెన్షన్ పట్టుకుంటుంది. హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే ఆవిడ 2014లో దీని మీద కొన్ని ప్రయోగాలు ప్రచురించింది. జనం ముందు పాట పాడటం, ఉపన్యాసం ఇవ్వడం, లెక్కలు చేయడం లాంటి పనులు ఇచ్చింది. మొదలుపెట్టే ముందు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ల కంటే, "నేను హుషారుగా ఉన్నాను" అనుకున్నవాళ్లు బాగా చేశారు. ఎందుకంటే టెన్షన్‌లో గుండె కొట్టుకున్నట్టే హుషారులోనూ కొట్టుకుంటుంది. ఒంట్లో జరిగేది దాదాపు అదే. దాన్ని అణచాలని పోరాడేకన్నా "ఓహో, ఒళ్లు రెడీ అయింది" అనుకోవడం తేలిక. కాబట్టి టెన్షన్ పోగొట్టే మందు నా దగ్గర లేదు, అడగకండి. టెన్షన్‌తో ఆడే ప్రాక్టీసు ఉంది. ఇవాళ నేను చెప్పాలనుకున్నది అదొక్కటే.

ఇప్పుడు కోచ్‌లకి, గ్యాలరీలో కూర్చునే నాన్నలకి ఒక మాట. 21 పాయింట్ల గేమ్‌లో స్కోరు 19-19. మీరు పైనుంచి అరుస్తారు. "మోచెయ్యి పైకెత్తు! మణికట్టు వాడు!" అరవనివాళ్లెవరైనా ఉన్నారా ఇక్కడ? సియాన్ బైలాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2002లో ఫుట్‌బాల్ ఆడేవాళ్ల మీద ఒక పరీక్ష ప్రచురించారు. బంతిని కాలితో నెట్టుకుంటూ వరసగా పెట్టిన కోన్ల మధ్య నుంచి వెళ్లాలి. పాదంలో ఏ పక్క బంతికి తగులుతోందో గమనిస్తూ వెళ్లమన్నారు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకి ఆ గమనింపు మేలు చేసింది. బాగా ఆట వచ్చినవాళ్లు మాత్రం నెమ్మదించిపోయారు. రోజూ దిగే మెట్లే, ఏ కాలు ముందేస్తున్నానో చూసుకుంటూ దిగితే తడబడమూ? అంతే ఇదీ. వచ్చిన పనిని ముక్కలు చేసి చూసుకుంటే చెడుతుంది. మోచెయ్యి సంగతి ప్రాక్టీసులో చెప్పండి, వందసార్లు చెప్పండి. 19-19 దగ్గర చెప్పకండి. ఆ సమయంలో పిల్లవాడి చూపు షటిల్ మీద, ఎదుటివాడు కోర్టులో ఎక్కడున్నాడనే దాని మీద ఉండాలి. తన మోచేతి మీద కాదు.

ఇక అసలు ఆటలోకి వద్దాం. 2017 ఆగస్టు, గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్. మన సింధు, జపాన్ నుంచి నొజోమి ఒకుహారా. ఎంతసేపు ఆడారో తెలుసా? 110 నిమిషాలు. రెండో గేమ్ చివరి ర్యాలీ ఒక్కటే 73 షాట్లు. ఆ ర్యాలీ సింధు గెలిచింది, గేమ్ 22-20. మూడో గేమ్ 20-22తో పోయింది. మీరు యూట్యూబ్‌లో ఆ మ్యాచ్ చూస్తే షాట్లే చూస్తారు. నేను చెప్పేది ఏమిటంటే, ఈసారి షాట్లు వదిలేసి ర్యాలీకీ ర్యాలీకీ మధ్య ఏం జరుగుతోందో చూడండి. తువ్వాలు తీసుకోవడం, షటిల్ మార్చమని అడగడం, రాకెట్ తీగలు సర్దుకోవడం, నెట్ వైపు వీపు పెట్టి రెండడుగులు వేయడం. అన్నీ ఊపిరి తీసుకోవడానికే అనుకుంటాం. కొంత అందుకే. కానీ మనసు పాత పాయింటులోంచి బయటపడేది కూడా ఆ కాసేపట్లోనే. షటిల్ గాల్లో ఉన్నప్పుడు ఆలోచించే తీరికే ఉండదు. భయమైనా కోపమైనా దూరేది షటిల్ కింద పడ్డాకే. కాబట్టి మనసు ప్రాక్టీసు అంటే ముఖ్యంగా ఆ సెకన్ల ప్రాక్టీసే.

మన పిల్లలు ఆ సెకన్లలో ఏం చేస్తారో చెప్పనా? ఒకడు పాయింటు పోగానే రాకెట్‌ని తొడకేసి కొట్టుకుంటాడు. ఒకమ్మాయి గ్యాలరీలో నాన్న మొహం చూస్తుంది. ఇంకొకడు గబగబా వెళ్లి సర్వీస్ చేసేస్తాడు, ఈ కష్టం తొందరగా అయిపోతే చాలన్నట్టు. అవునా కాదా? ఆ తొందర సర్వీస్ సరిగ్గా నెట్‌లో పడుతుంది.

అందుకని ఈ శిబిరంలో మీ అందరితో ఒక పద్ధతి చేయించాం. పిల్లలకి నోటికొచ్చు, పెద్దవాళ్ల కోసం చెప్తున్నాను. పాయింటు అయిపోగానే, గెలిచినా ఓడినా, వెనక్కి తిరగాలి. రాకెట్ ఎడమచేతిలోకి మార్చుకోవాలి. ఎడమచేతి వాటం వాళ్లు కుడిచేతిలోకి. దాంతో పట్టు దానంతటదే వదులవుతుంది. ముక్కుతో గాలి పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు నోటితో వదలాలి. గాలి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, ఒంటి తీరే అంత. తర్వాత ఒకే ఒక్క నిర్ణయం. సర్వీస్ మనదైతే ఎక్కడ చేయాలి, వాళ్లదైతే ముందుకా వెనక్కా. అంతకుమించి వద్దు. అప్పుడు తిరిగి కోర్టులోకి. పాయింటు పోయినప్పుడే కాదు, గెలిచినప్పుడూ ఇదే చేయాలి. అది చాలామంది మర్చిపోతారు. వరసగా ఐదు పాయింట్లు గెలిచిన ఊపులో ఆరోదానికి తేలిగ్గా తీసుకుని పోగొట్టుకునేవాళ్లు తక్కువా?

క్రికెట్ చూసేవాళ్లకి ఇంకో ఉదాహరణ. 2001 మార్చి, కోల్‌కతా టెస్టు. ఫాలో ఆన్ ఆడుతున్నాం. మన హైదరాబాద్ లక్ష్మణ్, ద్రావిడ్ నాలుగో రోజు పొద్దుట మళ్లీ బ్యాటింగ్‌కి దిగి, సాయంత్రం దాకా వికెట్ పడకుండా ఆడారు. ఆ ఒక్కరోజే 335 పరుగులు. లక్ష్మణ్ చివరికి 281. ఒక రోజంతా అంత శ్రద్ధగా ఎలా ఉండగలిగారు? ఒక రోజంతా ఎవరూ ఉండలేరండీ. బంతి వేసేముందు శ్రద్ధ పెట్టాలి, బంతి అయ్యాక వదలాలి, మళ్లీ పెట్టాలి. ఆ వదలడం తెలియనివాడు లంచ్ లోపలే అలసిపోతాడు. మనకీ అంతే. 11 పాయింట్ల దగ్గర నిమిషం విరామం ఇస్తారు, గేమ్‌కీ గేమ్‌కీ మధ్య రెండు నిమిషాలు. ఆ నిమిషంలో కోచ్ ఆరు విషయాలు చెప్తే పిల్లవాడికి ఒక్కటీ గుర్తుండదు. ఒక్కటి చెప్పండి, నీళ్లు తాగనివ్వండి.

ఈ పద్ధతి ఇక్కడ చల్లగా ప్రాక్టీసులో చేస్తే సరిపోతుందా? సరిపోదు. మ్యాచ్‌లో ఉండే ఇబ్బందిని ప్రాక్టీసులోకి తీసుకురావాలి. అభినవ్ బింద్రా సంగతి వినండి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో ఫైనల్‌కి మూడో స్థానంలో వెళ్లాడు, ఏడో స్థానంలో ముగించాడు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆయన నిలబడ్డ చోట కాళ్ల కింద పలక వదులుగా ఉందట. మనమైతే ఏం చేస్తాం? జీవితాంతం ఆ పలకని తిట్టుకుంటాం. ఆయన ఆ తర్వాత కదిలే పలక మీద నిలబడి ప్రాక్టీసు చేశాడు. 2008 బీజింగ్‌లో ఫైనల్ మొదలయ్యే ముందు వేసే సరిచూసుకునే షాట్లలో గురి దారుణంగా తప్పింది, రైఫిల్ సైట్ తేడాగా ఉంది. అప్పటికప్పుడు సరిచేసుకున్నాడు. చివరి షాట్‌కి ముందు ఫిన్లాండ్‌కి చెందిన హాకినెన్‌తో సమానంగా ఉన్నాడు. ఆ షాట్ 10.8. అవతలివాడు 9.7. వ్యక్తిగత విభాగంలో మన దేశానికి మొదటి ఒలింపిక్ బంగారు పతకం అది. ఆ రోజు బింద్రాకి టెన్షన్ లేదనుకుంటున్నారా? లేకుండా ఎలా ఉంటుంది! పరిస్థితి తేడా కొట్టినప్పుడు ఏం చేయాలో ఒంటికి అలవాటైపోయింది.

కొరియా ఆర్చరీ వాళ్లు ఇంకా పట్టుదల మనుషులు. జనం గోల మధ్య బాణం వేయడం అలవాటు కావాలని బేస్‌బాల్ స్టేడియాల్లో ప్రాక్టీసు పెడతారు. టోక్యో ఒలింపిక్స్ ముందు అక్కడి మైదానం నమూనాని తమ శిక్షణ కేంద్రంలో కట్టుకున్నారు. అమెరికా ఈతగాడు ఫెల్ప్స్ 2008 ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈదుతుంటే కళ్లద్దాల్లోకి నీళ్లు వచ్చేశాయి, ఏమీ కనపడలేదు. కొలను ఈ గోడ నుంచి ఆ గోడకి చేతులు ఎన్నిసార్లు వేయాలో లెక్క తెలుసు కాబట్టి లెక్కపెట్టుకుంటూ గోడని అందుకున్నాడు. ప్రపంచ రికార్డు అది.

మనకి ఒలింపిక్ హాలు కట్టే డబ్బుల్లేవు. అవసరమూ లేదు. మన పిల్లలకి ఎదురయ్యే ఇబ్బందులు వేరు. జిల్లా టోర్నమెంటులో పొద్దున పదింటికి మ్యాచ్ అంటారు. సాయంత్రం నాలుగింటికి పిలుస్తారు. ఈలోపు పిల్లవాడు రెండుసార్లు వార్మప్ చేసి చల్లారిపోతాడు, ఫోన్‌లో గేమ్స్ ఆడి కళ్లు మండిపోతుంటాయి, అమ్మ తెచ్చిన పులిహోర ఆకలేసి రెండు గంటలకి కడుపునిండా తినేస్తాడు. నాలుగింటికి మైకులో పేరు వినపడుతుంది. ఇక ఏం ఆడతాడు? స్కూల్ గేమ్స్‌కి వెళ్తే ఏదో బడిలో తరగతి గదిలో నేల మీద పడుకోవాలి, రాత్రంతా దోమలు, పక్కవాడి కబుర్లు. గాలి ఒక పక్కకి లాగే హాలు ఉంటుంది, షటిల్ ఒకవైపు నుంచి కొడితే బయటికి పోతుంది, ఇంకోవైపు నుంచి కొడితే లోపలే ఆగిపోతుంది. లైన్ జడ్జిగా కూర్చున్నది కూడా ఒక పిల్లవాడే, తప్పు చెప్తాడు.

ఇవన్నీ మనం ముందే చేయించొచ్చు. వారానికి ఒకరోజు పిల్లల్ని పొద్దున్నే పిలిచి, మ్యాచ్ ఎప్పుడో చెప్పకుండా కూర్చోబెట్టండి. ఎప్పుడు తినాలి, ఎంత తినాలి, పిలుపొచ్చాక పది నిమిషాల్లో ఒళ్లు ఎలా వేడెక్కించుకోవాలి, వాళ్లే నేర్చుకుంటారు. ఇంకో రోజు 18-18 నుంచి గేమ్ మొదలుపెట్టించండి. ఒకడికి 20, ఒకడికి 17 ఇచ్చి ఆడించండి. వెనకబడ్డవాడికే కాదు, ముందున్నవాడికీ అది పరీక్షే. గెలుపు దగ్గరకొస్తే చెయ్యి బిగుసుకుపోయేవాళ్లు చాలామంది. ఒకరోజు నేనే అంపైర్‌గా కూర్చుని కావాలని తప్పు చెప్పాను, పిల్లలకి గుర్తుండే ఉంటుంది. ఇద్దరు ఏడ్చారు, ఒకమ్మాయి నాతో గొడవ పెట్టుకుంది. పర్వాలేదు తల్లీ, కోపం ఏమీ లేదు. ఆ ఏడుపు ఇక్కడ ఏడ్చేస్తే రాష్ట్ర పోటీల్లో ఏడవక్కర్లేదు.

కోర్టులో ఎలా నిలబడాలనేది కూడా నేర్పితేనే వస్తుంది. సింధు చిన్నప్పటి నుంచి నెమ్మదస్తురాలు. రియో ఒలింపిక్స్‌కి ముందు కోచ్ గోపీచంద్ ఆమెని అందరి మధ్యా కోర్టులో నిలబెట్టి గట్టిగా అరవమన్నారు. అరవలేక ఏడ్చేసింది. అరిచేదాకా రాకెట్ పట్టుకోవద్దన్నారు. రియోలో ఆ అరుపులు మనందరం టీవీలో విన్నాం. అందరూ అరవాలని కాదు నేను చెప్పేది, అరవకుండానే గెలిచేవాళ్లున్నారు. ఒళ్లు వాల్చేసి నిలబడితే ఎదుటివాడికి బలమొస్తుంది, అది గుర్తుపెట్టుకోండి చాలు.

ఓటమి గురించి కూడా మాట్లాడాలి. సింధు వరసగా పెద్ద ఫైనల్స్ ఓడినప్పుడు ఏమన్నారు? రియో, గ్లాస్గో, గోల్డ్‌కోస్ట్, నాన్‌జింగ్, జకార్తా. "ఫైనల్ ఫోబియా" అన్నారు. టీవీలు అన్నాయి, టీ కొట్టు దగ్గర మనమూ అన్నాం. నిజమేనా అది? గ్లాస్గోలో ఒకుహారా చేతిలో ఓడింది ఆగస్టు 27న. సెప్టెంబరు 17న కొరియా ఓపెన్ ఫైనల్లో అదే ఒకుహారాని ఓడించింది. మూడు వారాలు! ఫోబియా ఉన్నవాళ్లు అలా ఆడతారా? 2018 డిసెంబరులో వరల్డ్ టూర్ ఫైనల్స్ గెలిచింది, ఫైనల్లో మళ్లీ ఒకుహారానే. 2019లో బాసెల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్, మళ్లీ ఒకుహారా, 21-7, 21-7. 110 నిమిషాల మ్యాచ్ ఆడిన ఆ ఇద్దరే, ఈసారి నలభై నిమిషాలు కూడా పట్టలేదు. రెండు పాయింట్ల తేడాతో పోయిన మ్యాచ్‌ని "మనసు బలహీనం" అని తేల్చేయడం మనకి సరదా. ఎదుటివాళ్లు కూడా ఆడతారన్న సంగతి మర్చిపోతాం. మీ పిల్లలకి ఇంట్లో అలాంటి పేర్లు పెట్టకండి. "వీడు మూడో గేమ్‌లో ఎప్పుడూ ఇంతే" అని చుట్టాల ముందు అంటే, మూడో గేమ్ వచ్చేసరికి వాడికి ఆ మాటే వినపడుతుంది.

గుకేశ్‌ని చూడండి, చెన్నైలో పెరిగిన తెలుగింటి కుర్రాడు. 2024లో సింగపూర్‌లో చదరంగం ప్రపంచ ఛాంపియన్‌షిప్, మొదటి గేమే ఓడాడు. మూడోది గెలిచి సమం చేశాడు. 11వది గెలిచి ముందుకెళ్లాడు, 12వది మళ్లీ ఓడాడు. 14వది గెలిచి ఛాంపియన్ అయ్యాడు. ప్యాడీ ఆప్టన్ అనే మానసిక శిక్షకుడు ఆయనతో పనిచేశాడు. 2011 ప్రపంచ కప్‌కి ధోనీ జట్టుతో ఉన్నది కూడా ఆ ఆప్టనే. అంత పెద్దవాళ్లే సాయం తీసుకుంటున్నారు, మన పిల్లవాడు టెన్షన్‌గా ఉందంటే మనకి నామోషీ ఎందుకు?

తల్లిదండ్రులూ, మీ టెన్షన్ నాకు తెలుసు. కిట్టు ఖర్చు, షటిళ్ల ఖర్చు, సర్టిఫికెట్ వస్తే స్పోర్ట్స్ కోటాలో సీటు. అదంతా నిజమే, కాదనను. కానీ బండి మీద ఇంటికి తీసుకెళ్తూ "అంత ఖర్చు పెడుతుంటే అలాగేనా ఆడేది" అంటే, వచ్చే మ్యాచ్‌లో పిల్లవాడు ఎదుటివాడితో పాటు మీ ఖర్చుతో కూడా ఆడాలి. ఆ రోజుకి ఆట మాటెత్తకండి. ఏం తింటావో అడగండి. మర్నాడు కోచ్‌తో కూర్చుని మాట్లాడదాం.

ఇంకో ముఖ్యమైన సంగతి. కొన్నిసార్లు ఇది టెన్షన్ కంటే పెద్దదవుతుంది. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ టోక్యోలో గాల్లో ఉండగా తన ఒళ్లు ఎక్కడుందో తెలియక పోటీల్లోంచి తప్పుకుంది. ఎన్ని మాటలన్నారో! మెడ మీద పడితే ఆ మాటలన్నవాళ్లు వచ్చి చూస్తారా? పారిస్‌లో తిరిగొచ్చి మూడు బంగారు పతకాలు తీసుకుంది. మీ పిల్లలు వారాల తరబడి నిద్రపోకపోయినా, తిండి మానేసినా, ఆట అంటేనే వణుకుతున్నా, బతకాలని లేదన్నా, అది కోచ్ చూసే విషయం కాదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. 14416 అని మానసిక సమస్యలకి సాయం చేసే ప్రభుత్వ టెలీమానస్ నంబరుంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేసుకోండి.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండమ్మా. ఆ, వెనకవాళ్లకి వినపడలేదు, నేను మళ్లీ చెప్తాను. వాళ్లబ్బాయి ఎర్ర రిస్ట్‌బ్యాండ్ లేకపోతే మ్యాచ్ ఆడనంటాడట, అది మాన్పించాలా అని అడుగుతున్నారు.

మంచి ప్రశ్న. టెన్నిస్ ఆటగాడు నడాల్ నీళ్ల సీసాలు కూడా ఒక వరసలో పెట్టుకునేవాడు, చూశారు కదా. ఇందాక నేను చెప్పిన పద్ధతీ ఒకరకంగా అలాంటిదే. తేడా ఏమిటంటే ఊపిరి వదలడం, రాకెట్ చెయ్యి మార్చుకోవడం మీవాడి చేతిలో ఉన్న పనులు, ఎవరూ ఎత్తుకుపోలేరు. రిస్ట్‌బ్యాండ్ బస్సులో మర్చిపోవచ్చు. మాన్పించకండి, గొడవ అవుతుంది. ఇంట్లో దేవుడికి దణ్ణం పెట్టి వెళ్లినట్టే అది కూడా కట్టుకోనివ్వండి. వారానికి ఒకరోజు మాత్రం, ప్రాక్టీసులో, అది మీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని కూర్చోండి. 18-18 నుంచి మొదలుపెట్టించి అది లేకుండా ఆడమనండి. మొదట్లో ఓడతాడు, మీరు లేచి వెళ్లి ఇచ్చెయ్యకండి.